సంగీతం రానివాళ్లు కర్ణాటక సంగీతం వినడం ఎలా?

‘సరిగమలు రావు, మాకేం అర్థమవుతుంది’ అని బెజవాడవాళ్లే అంటుంటే ఒళ్లు మండుతుంది. ఈ ఊరి రేడియోలో ఓలేటి వెంకటేశ్వర్లు, శ్రీరంగం గోపాలరత్నం పాడారు. ఇక్కడి సంగీత కళాశాలకు మంగళంపల్లి బాలమురళీకృష్ణ ప్రిన్సిపాల్‌గా చేశారు. వాళ్ల పాట కోసం రేడియో దగ్గర కూర్చున్నవాళ్లలో సంగీతం నేర్చుకున్నవాళ్లు ఎందరుంటారు గనక?

కావలసినవి: ఫోను, ఇయర్‌ఫోన్లు, పొద్దున్నే అరగంట. స్పీకర్ వద్దు. మన ఎండలకు ఫ్యాను ఆపలేం, ఆ మోతలో వెనకాల ఆగకుండా మోగే తంబురా వినపడదు.

ముందు ఒకే ఒక్క కృతి, అంటే పల్లవీ చరణాలూ ఉన్న పాట, పట్టుకోండి. త్యాగరాజు మోహన రాగ కృతి ‘నను పాలింప నడచి వచ్చితివో’ తీసుకోండి, వేరేది వద్దు. నన్ను కాపాడ్డానికి నడిచొచ్చావా అని రాముణ్ణి అడుగుతున్నాడు. మద్రాసులో చాలామంది అర్థం అడిగి తెలుసుకునే సాహిత్యం మనకు ఇంట్లో మాట. వారం పాటు అదే వినండి, తర్వాత అదే కృతి ఇంకొకరి గొంతులో. పల్లవి తిరగేసి తిరగేసి పాడుతున్నారని విసుక్కోవద్దు. ప్రతిసారీ ఎక్కడో కాస్త మారుస్తారు, దాన్నే సంగతి అంటారు. ఆ మారిన చోటు పట్టుకోవడమే మీ పని.

తాళం ఆది, అంటే ఎనిమిది లెక్కలది. తొడ మీద చేత్తో ఒక దెబ్బ, చిటికెన వేలి నుంచి మూడు వేళ్లు, ఆపైన దెబ్బ, విసురు (అరచెయ్యి పైకి తిప్పడం), దెబ్బ, విసురు. ఎనిమిదీ అయిపోయాయి. పాట సరిగ్గా దెబ్బ మీదే ఎత్తుకోవాలని లేదు, కంగారుపడకండి.

ఇక ఆలాపన, అంటే కృతి లేకుండా ఒట్టి రాగాన్నే పాడడం. జనం జారుకునేది ఇక్కడే. మాటల్లేవు, తాళం లేదు, ఎప్పుడయిపోతుందో తెలీదు. చెయ్యి జేబులో ఫోను మీదికి పోతుంది.

అందుకని, కృతి ఒక్కటైనా బాగా విననిదే ఆ రాగంలో ఆలాపన జోలికి వెళ్లకండి. మోహన కృతి చెవికెక్కాక మోహన ఆలాపనే వినండి, అదీ చిన్నది. పాత రేడియో రికార్డింగులు ఇందుకు బాగా పనికొస్తాయి, గడియారం చూసుకుని పాడాలి కాబట్టి సాగదీయరు.

మొదట తంబురా మీద చెవి పెట్టండి. అందులో మోగే షడ్జమాన్ని, అంటే ‘స’ని, లోలోపల పట్టుకుని ఉండండి. గాయకుడు ఎంత దూరం పోయినా అక్కడికి రావలసిందే. తర్వాత ఎక్కడ ఆగుతున్నాడో గమనించండి. మోహనకు ఐదే స్వరాలు, మధ్యమం (మ), నిషాదం (ని) ఉండవు. గాంధారం (గ) దగ్గర కాసేపు, పంచమం (ప) దగ్గర కాసేపు నిలబడి, చుట్టూ తిరిగి, మెట్టు మెట్టుగా పై షడ్జమానికి చేరతాడు. అక్కడ గొంతు నిలిచినప్పుడు స్వరం పేరు తెలియకపోయినా మీకు తెలిసిపోతుంది. ఆ తర్వాత వయొలిన్ వంతు. గాయకుడు పాడిందే అప్పజెప్పిందా, తనదేమైనా కలిపిందా చూడండి.

‘లాహిరి లాహిరి లాహిరిలో కూడా మోహనే కదా, దాంతో పోల్చుకుంటే పోలా’ అంటారు కొందరు. పోతుంది, ఆలాపన పోతుంది. చెవి ఆ వరస కోసం వెతుక్కుంటూ కూర్చుంటుంది, ముందున్న గాయకుణ్ణి వినదు. రాగం పేరు పసిగట్టే పోటీలూ అంతే. 72 మేళకర్తల (మూల రాగాల) పట్టిక ఫోన్లో దింపుకున్నవాళ్లు చాలామంది తెలుసు, ఆలాపన పూర్తిగా విన్నవాళ్లు తక్కువ.

ఇవన్నీ అయ్యాకే కచేరీ. తుమ్మలపల్లి కళాక్షేత్రంలోనో, ఘంటసాల సంగీత కళాశాలలోనో ఉన్నప్పుడు వెళ్లండి. ఆరింటికని వేస్తారు, సన్మానాలు, ఉపన్యాసాలు అయ్యేసరికి ఏడు దాటుతుంది, ఇంట్లో ఏదైనా తినే బయల్దేరండి. పుష్య బహుళ పంచమికి జరిగే త్యాగరాజ ఆరాధనతో మాత్రం మొదలెట్టకండి. పంచరత్నాలు, అంటే ఆయన ఐదు పెద్ద కృతులు, అందరూ కలిసి పాడతారు, చూడ్డానికి బాగుంటుంది గానీ కొత్త చెవికి ఒక్క సంగతీ విడిగా చిక్కదు. మృదంగం వాయించే చేతులు కనపడేచోట కూర్చోండి. పాట ఆగి మృదంగం లాంటి తాళవాద్యాలే మోగే తని ఆవర్తనం మొదలవగానే సగం హాలు కాఫీకి లేస్తుంది. మీరు లేవకండి, తాళం వేస్తూ కూర్చోండి.