పోకర్‌లో మీ బ్లఫ్ ప్రతిసారీ దొరికిపోతోందా

పండక్కి ఇజీనారంలో మేడ మీద చాపేసుకుని చింతపిక్కలతో పోకర్ ఆడతాం, డబ్బుల్లేవు లెండి, నేను బ్లఫ్ వేస్తే, అదే చేతిలో ఏమీ లేకపోయినా ఉన్నట్టు పిక్కలు పెడితే చాలు, మా బావ నవ్వుకుంటూ పిక్కలు తోసేసి ఏటున్నాయి చూపించు అంటాడు. ఈసారి ఒక్కటే మార్చా. మధ్యలో 20 పిక్కలుంటే ఇదివరకు బెదిరిద్దామని ఇంకో 20 తోసేవాణ్ణి, ఇప్పుడు 10 మాత్రమే. 20 పెడితే రెండుసార్లకి ఒకసారైనా అవతలోడు ముక్కలు పడేస్తేనే నష్టం లేకుండా బయటపడతాం, 10 పెడితే మూడుసార్లకి ఒక్కసారి పడేసినా చాలు. కాకపోతే మంచి ముక్కలొచ్చినప్పుడూ అదే 10 అదే తీరుగా పెట్టాలి, లేదంటే రెండాటల్లో కనిపెట్టేస్తారు. చేతిలో ఏమీ లేనప్పుడల్లా వేసేయకండి, ఐదూ ఆటీన్లే అయితే గట్టి చెయ్యి కదా, నాలుగు పడి ఐదోది రాకుండా పోద్ది చూడండి, అలాంటప్పుడు వేసుకోండి, మొదట్నుంచీ నిజంగా ఆడినట్టే ఉంటది. అదీ ఇద్దరే మిగిలినప్పుడు, ముగ్గురుంటే ఎవడో ఒకడు పిక్కలు తోసి చూపించమంటాడు.

మా పెద్దమ్మ దగ్గర మాత్రం పనిచెయ్యలేదు, ఆవిడ రెండ్ల జత ఉన్నా వదలదు, పిక్కలే కదా అని తోసేస్తది. అలాంటోళ్లతో మంచి ముక్కలు పడేదాకా ఆగడమే.