రాతిపొడి మీద చీపురు వద్దు: హెపా వ్యాక్యూమ్‌తో శుభ్రం చేయడం ఎలా?

చీమకుర్తి వైపు రాళ్లు కోసే కటింగ్ షెడ్డు దేనికైనా సాయంత్రం పూట వెళ్లండి. పని కాగానే ఒకరు చీపురు పడతారు, ఇంకొకరు కంప్రెసర్ గొట్టంతో మెషిన్ల మీద గాలి కొడతారు. పది నిమిషాల్లో షెడ్డు తళతళలాడుతుంది. కళ్లకు కనిపించిన దుమ్ము కింద పడిపోతుంది. నాలుగైదు మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) లోపు రేణువులు మాత్రం గంటల తరబడి గాలిలోనే తేలుతూ ఊపిరితిత్తుల అడుగు దాకా వెళ్తాయి. వాటిలో క్వార్ట్జ్, అంటే స్ఫటిక సిలికా, ఉంటే ఏళ్ల తర్వాత సిలికోసిస్ అనే ఊపిరితిత్తుల జబ్బు రావచ్చు. దాన్ని నయం చేసే మందు లేదు.

'మనది నల్లరాయే కదా' అనే మాట తరచూ వింటుంటాం. నిజమే, చీమకుర్తిలో దొరికే ఈ నల్ల గెలాక్సీ రాయి అసలు గ్రానైట్ కాదు, గాబ్రో అనే మరో శిల జాతిది. అందులో క్వార్ట్జ్ చాలా తక్కువ. కానీ అదే బ్లేడు కింద ఎర్ర గ్రానైట్ కోస్తే అందులో క్వార్ట్జ్ 20 శాతం పైనే. వంటింటి గట్టుకు వేసే కృత్రిమ క్వార్ట్జ్ పలకల్లో అది 90 శాతం దాకా ఉంటుంది. నేల మీద ఉన్న పొడి ఏ రాయిదో ఎవరు చెప్పగలరు?

మొదట మెషిన్ సంగతి. ఇంట్లో వాడే మామూలు వ్యాక్యూమ్ ముందు నుంచి పీల్చిన సన్న పొడిని వెనక నుంచి వదిలేస్తుంది. అసలైన హెపా ఫిల్టర్ 0.3 మైక్రాన్ రేణువుల్లో 99.97 శాతాన్ని పట్టాలి, అంటే పదివేలలో మూడే తప్పించుకోవాలి. డబ్బా మీద 'హెపా టైప్' అని ఉంటే అది ఈ లెక్కకు కట్టుబడినది కాదు. ఫిల్టర్ మంచిదైనా మూత దగ్గర సందు ఉంటే గాలి అటు నుంచే పోతుంది, కాబట్టి రబ్బరు సీలు బాగుందో లేదో చూసి కొనండి.

పని మొదలుపెట్టే ముందు ఫ్యాన్లు ఆపాలి. మే నెల ఎండలో ఇది నరకమే, అందుకే తెల్లవారుజామున పెట్టుకోండి. ముఖానికి తువ్వాలు చుట్టుకుంటే సరిపోదు. ముక్కు దగ్గర, బుగ్గల దగ్గర ఖాళీ లేకుండా అతుక్కునే ఎన్-95 మాస్క్ కావాలి. గడ్డం ఉంటే అది సరిగా అతుక్కోదు.

దూలాలు, అల్మరాల పైభాగాలు ముందు, నేల చివర. లోపలి మూల నుంచి తలుపు వైపు రండి. నాజిల్ నేలకు ఆనించి మెల్లగా లాగాలి, హడావుడిగా ఆడిస్తే పొడి లేస్తుంది. మిగిలిన పొరను తడిగుడ్డతో తుడవండి. బయటికి వచ్చే ముందు ఒంటి మీది బట్టలకూ నాజిల్ పట్టాలి. దుమ్ము దులుపుకుని ఇంటికెళితే పిల్లలు పీల్చేది అదే.

అసలు ప్రమాదమంతా మెషిన్‌లోని పొడి నిండిన సంచి తీసేటప్పుడే ఉంది. అంతసేపు జాగ్రత్తగా పట్టిన పొడిని ఒక్క దులుపుతో మళ్లీ గాలిలో కలిపేస్తారు. మాస్క్ తీయకుండా, ఆరుబయట, గాలికి ఎదురుగా కాకుండా నిలబడి తీయండి. సంచి మూతి మెలితిప్పి టేపు చుట్టి, ఇంకో మందపాటి ప్లాస్టిక్ సంచిలో పెట్టి, దాని మూతీ కట్టేయాలి. నిండిన సంచిని ఖాళీ చేసి మళ్లీ వాడొద్దు. హెపా ఫిల్టర్‌ను గోడకు కొట్టి దులపొద్దు. దాని కాగితానికి చిన్న చిల్లు పడినా ఫిల్టర్ పోయినట్టే. పీల్చే బలం తగ్గితే మార్చేయడమే. పని అయ్యాక గొట్టం మూతిని మూసి ఉంచండి.

ఈ మెషిన్‌తో కూడా ముట్టుకోకూడనివి కొన్ని ఉన్నాయి. పగిలిన థర్మామీటర్‌లోని పాదరసాన్ని పీలిస్తే మోటారు వేడికి ఆవిరై గదంతా నిండుతుంది. ఆరని నిప్పురవ్వలు సంచిని అంటిస్తాయి. అల్యూమినియం పొడి నిప్పు తగిలితే పేలుతుంది, దానికి వేరే రకం మెషిన్ కావాలి. పాత ఆస్బెస్టాస్ రేకులు పగిలితే వాటి ముక్కలను తడిపి, ఎవరూ తొక్కకుండా అడ్డం పెట్టి, ఆ పనిలో శిక్షణ ఉన్నవాళ్లను పిలవండి.