పంపులు ఆగాకే అసలు జాగ్రత్త: గ్యాస్ బావుల సిమెంట్ పనికి వెళ్లే మనవాళ్లకు

కడప, అనంతపురం జిల్లాల నుంచి గల్ఫ్‌కు వెళ్లేవాళ్లలో కొందరు ఆయిల్ రిగ్గుల మీద చేరుతుంటారు. ఇంకొందరు కోనసీమ గ్యాస్ బావుల దగ్గర పని చూసుకుంటారు. వీళ్లలో సిమెంటింగ్ సిబ్బందిలో చేరబోయేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. పంపులు నడుస్తున్నంతసేపూ అందరూ ఒళ్లు దగ్గర పెట్టుకునే ఉంటారు. పంపులు ఆగి, "హమ్మయ్య, అయిపోయింది" అనుకుని టీకి కదిలాక వచ్చే కొన్ని గంటలే నాకు భయం.

మనకు తెలిసింది నీళ్ల బోరు. పైన మట్టి ఉన్నంతవరకు కేసింగ్ దించుతారు, కింద రాయిని అలాగే వదిలేస్తారు, ఎందుకంటే నీళ్లు లోపలికి రావాలి. గ్యాస్ బావిలో స్టీలు కేసింగ్ దించి, దానికీ రాయికీ మధ్య ఉన్న ఖాళీని సిమెంట్‌తో మూసేస్తారు. ఆ ఖాళీని యాన్యులస్ అంటారు. మనం అనుకున్న చోటు నుంచి, అనుకున్న దారిలో తప్ప గ్యాస్ ఇంకెక్కడి నుంచీ పైకి రాకూడదు. తవ్వేటప్పుడు గ్యాస్‌ను అణిచి ఉంచేది మడ్ బరువు. మడ్ అంటే తవ్వేటప్పుడు బావి నిండా తిప్పే బరువైన ద్రవం. ఆ బరువు కోసం కలిపే ముగ్గురాయి పొడి మన మంగంపేట నుంచి ప్రపంచం నలుమూలలకూ పోతుంది. సిమెంట్ మాత్రం యర్రగుంట్ల బస్తాల్లో దొరికే ఇళ్ల సిమెంట్ కాదు. క్లాస్ జి అని బావుల కోసమే తయారుచేసే రకం వాడతారు. దానికి తన బరువులో 44 శాతం నీళ్లు కలిపితే గ్యాలన్‌కు 15.8 పౌండ్ల బరువున్న స్లర్రీ, అంటే పంపగలిగే సిమెంట్ ద్రవం, వస్తుంది.

గ్యాస్ లోపలికి ఎలా వస్తుందో అర్థమైతే మిగతా జాగ్రత్తలన్నీ వాటంతట అవే గుర్తుంటాయి. స్లర్రీ ద్రవంగా ఉన్నంతసేపు దాని బరువంతా కింద గ్యాస్ పొర మీద పడుతుంది, గ్యాస్ కదలదు. పంపు ఆగాక స్లర్రీ మెల్లగా చిక్కబడి కేసింగ్‌కూ రాతికీ అంటుకోవడం మొదలుపెడుతుంది. ఆరిన సంగటి కుండను బోర్లించినా కింద పడదు, గోడలే దాని బరువు మోస్తాయి. ఇక్కడా అంతే. అదే సమయంలో స్లర్రీలోని నీళ్లు కొంత రాతిలోకి ఇంకుతాయి, సిమెంట్ తన రసాయన చర్యతో కొంత కుంచించుకుపోతుంది. ఆ లోటును పూడ్చడానికి పైనున్న స్లర్రీ కిందికి జారలేదు. ప్రెషర్ పడిపోతుంది. గట్టిపడని ఆ మెత్తటి సిమెంట్‌లో గ్యాస్ దారి చేసుకుంటుంది. తర్వాత సిమెంట్ గట్టిపడినా ఆ దారి అలాగే ఉండిపోతుంది.

ఒక లెక్క చూడండి. ఎనిమిదిన్నర అంగుళాల రంధ్రంలో ఏడు అంగుళాల కేసింగ్ ఉంది, గ్యాస్ పొర పైన 3,000 అడుగుల సిమెంట్ ఉంది. సిమెంట్ పొడవును 1.67తో (ఈ లెక్కలో మారని సంఖ్య ఇది) గుణించి, రెండు వ్యాసాల తేడాతో, అంటే ఒకటిన్నరతో భాగిస్తే 3,340 పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు, ప్రెషర్ కొలత) వస్తుంది. చిక్కబడడం వల్ల గరిష్ఠంగా పోగలిగే ప్రెషర్ ఇది. మొదట్లో స్లర్రీ ప్రెషర్ గ్యాస్ కంటే 400 పీఎస్‌ఐ మాత్రమే ఎక్కువగా ఉంటే, 3,340ని 400తో భాగించండి. ఎనిమిది దాటింది. ఎనిమిది దాటితే ప్రమాదం తీవ్రమని లెక్క. "మన మడ్ బరువు సరిపోయింది కదా" అనే ధైర్యం ఇక్కడ పనికిరాదు. సిమెంట్ ఎత్తు పెరిగేకొద్దీ మంచిదనుకోవడం కూడా తప్పే. అందుకే అవసరమైనంత ఎత్తే పోయాలి. పైభాగం స్లర్రీ కిందిదానికంటే ఆలస్యంగా చిక్కబడేలా డిజైన్ చేయిస్తే, కింద గట్టిపడేదాకా పైనున్నది ద్రవంగా ఉండి బరువు వేస్తూనే ఉంటుంది.

స్లర్రీ విషయంలో ల్యాబ్ రిపోర్టు చేతికొచ్చినప్పుడు మూడు అంకెలు చూడండి. నీళ్లు వదిలే స్వభావం అరగంటకు 50 మిల్లీలీటర్ల లోపు ఉండాలి. పైన తేరే నీళ్లు సున్నా ఉండాలి. జెల్ బలం, అంటే కదలకుండా ఉన్న స్లర్రీ ఎంత చిక్కబడిందో చెప్పే కొలత, 100 నుంచి 500కు (వంద చదరపు అడుగులకు పౌండ్లలో) పెరగడానికి పట్టే సమయం 45 నిమిషాలు మించకూడదు. ఆ దశను స్లర్రీ ఎంత త్వరగా దాటితే గ్యాస్‌కు అంత తక్కువ అవకాశం. పరీక్ష చేసింది రిగ్గు మీదున్న సిమెంట్‌తో, అక్కడి నీళ్లతో, అక్కడి మందులతోనేనా అని అడగండి. ఇంకెక్కడి శాంపిల్‌తోనో చేసిన పరీక్ష మీ బావికి ఏమీ చెప్పదు. గల్ఫ్ వేసవిలో ఎండకు ట్యాంకులో నీళ్లు వేడెక్కిపోతాయి, వేడి నీళ్లతో సిమెంట్ తొందరగా బిగుస్తుంది. కలిపే ముందు నీళ్ల వేడి కొలిచి, ల్యాబ్ అనుకున్నదానికి దగ్గరగా ఉందో లేదో చూడాలి.

కేసింగ్ రంధ్రం మధ్యలో ఉండడం మరో పెద్ద విషయం. ఒక పక్కకు ఒరిగితే ఇరుకు వైపున పాత మడ్ కదలకుండా ఉండిపోతుంది, ఆ మడ్డే రేపు గ్యాస్‌కు కాలువ అవుతుంది. అందుకే సెంట్రలైజర్లు, అంటే కేసింగ్‌ను మధ్యలో నిలబెట్టేలా దాని చుట్టూ బిగించే కట్లు. వీలైతే మడ్ పలచన చేసి తిప్పేటప్పుడూ, సిమెంట్ పంపేటప్పుడూ కేసింగ్‌ను కదుపుతూ ఉండాలి. మడ్డుకూ సిమెంట్‌కూ మధ్య, ఆ రెండూ కలవకుండా ఆపే స్పేసర్ ద్రవం సరిపడా వెళ్లాలి.

2010 ఏప్రిల్ 20న మెక్సికో గల్ఫ్‌లో మకొండో బావి పేలి 11 మంది చనిపోయారు. అక్కడ 21 సెంట్రలైజర్లు కావాలని లెక్క చెప్పినా 6 మాత్రమే దించారు. అదొక్కటే కారణమని విచారణ తేల్చలేదు. అక్కడ వాడిన, నైట్రోజన్ బుడగలు కలిపిన నురగ సిమెంట్ నిలకడగా లేదని ముందే కొన్ని ల్యాబ్ పరీక్షల్లో కనిపించింది. నన్ను అన్నిటికంటే కలవరపెట్టే సంగతి ఇంకొకటి. పంపినంత మడ్ తిరిగి పైకి వచ్చింది కాబట్టి సిమెంట్ బాగా పడిందనుకున్నారు, బాండ్ లాగ్ (సిమెంట్ కేసింగ్‌కు సరిగ్గా అంటుకుందో లేదో పరికరంతో చూసే పరీక్ష) తీయడానికి వచ్చిన బృందాన్ని వెనక్కి పంపేశారు. రిటర్న్స్ పూర్తిగా వస్తే స్లర్రీ రాతిలోకి పోలేదని మాత్రమే తెలుస్తుంది. కాలువ పడిందో లేదో తెలియదు. తర్వాత ప్రెషర్ పరీక్షలో తేడా కనిపించినా దానికి వేరే అర్థం చెప్పుకున్నారు.

ఇక పంపులు ఆగిన తర్వాత. సిమెంట్ వెనకాల తోసుకుంటూ వెళ్లే ప్లగ్ కేసింగ్ అడుగున తగిలి ఆగాక (దీన్నే బంప్ అవడం అంటారు), కేసింగ్‌లో ప్రెషర్ వదిలి ఫ్లోట్, అంటే సిమెంట్ తిరిగి లోపలికి రాకుండా ఆపే వాల్వు, పట్టిందో లేదో చూస్తారు. పట్టి ఉంటే ప్రెషర్‌ను వదిలేసే ఉంచండి, కేసింగ్‌లో ప్రెషర్ ఉండగా సిమెంట్ గట్టిపడకూడదు. ఉబ్బిన కేసింగ్ తర్వాత సన్నబడి సిమెంట్ నుంచి విడిపోతుంది, వెంట్రుకంత సందు చాలు గ్యాస్‌కు. ప్రెషర్ టెస్ట్ చేయాలంటే బంప్ అయిన వెంటనే, సిమెంట్ ఇంకా ద్రవంగా ఉన్నప్పుడే చేసేయాలి. లేదంటే పూర్తి బలం వచ్చేదాకా ఆగాలి. సగం గట్టిపడ్డప్పుడు మాత్రం వద్దు.

యాన్యులస్ నిండుగా ఉందా, ట్రిప్ ట్యాంకులో (బావిలోకి పోయే, బావి నుంచి వచ్చే ద్రవాన్ని కొలిచే చిన్న ట్యాంకు) మట్టం పెరుగుతోందా అని ఒక మనిషి కన్ను వేసి ఉండాల్సిందే. షిఫ్ట్ మారితే మాట చెప్పి, రాసిచ్చి దిగండి. ఈ గంటల్లోనే టూల్ పుషర్ (రిగ్గు సిబ్బందిని నడిపించే పెద్ద) "బీఓపీ ఎత్తేద్దాం, రిగ్గు టైమ్ పోతోంది" అని తొందరపెడతాడు. బీఓపీ అంటే గ్యాస్ తన్నుకొస్తే బావి నోరు మూసేసే వాల్వుల దొంతర. రిగ్గు అద్దె రోజుకు ఎంతో నాకూ తెలుసు. అయినా గ్యాస్ పొర దగ్గరి వేడిలో సిమెంట్‌కు కనీసం 50 పీఎస్‌ఐ బలం వచ్చిందని ల్యాబ్ చార్ట్ చూపించేదాకా దాన్ని అడ్డుగోడగా లెక్కించకూడదని ఏపీఐ (అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్) 65-2 ప్రమాణం చెబుతుంది. షూ, అంటే కేసింగ్ అడుగు కొస, తవ్వి కిందికి పోవడానికి సాధారణంగా 500 పీఎస్‌ఐ చూస్తారు. టెన్షన్ పడకుండా చార్ట్ చేతిలో పెట్టి అడగండి: "సార్, ఇంకా 50 రాలేదు. ఎత్తేద్దామా?"

ఒంటి మీది జాగ్రత్త కూడా చెప్పాలి. మీథేన్ గాలిలో 5 నుంచి 15 శాతం ఉంటే నిప్పురవ్వ చాలు. హైడ్రోజన్ సల్ఫైడ్ గాలికంటే బరువైనది, సెల్లార్‌లో (బావి నోటి చుట్టూ తవ్విన గోతిలో), గుంటల్లో నిలుస్తుంది. కుళ్లిన గుడ్ల వాసనను నమ్ముకోవద్దు. సుమారు 100 పీపీఎం (పది లక్షల భాగాల గాలిలో వంద భాగాలు) దగ్గర ముక్కుకు వాసనే తెలియకుండా పోతుంది. మీటర్ మోగితే గాలికి అడ్డంగా పక్కకు తప్పుకుని, గాలి వచ్చే వైపుకు, ఎత్తు మీదికి నడవండి. పడిపోయినవాణ్ణి కాపాడడానికి మాస్కు లేకుండా దిగిన మనిషి కూడా అక్కడే పడిపోతాడు.

బావి ఉత్పత్తిలోకి వెళ్లాక యాన్యులస్ గేజ్‌లో ప్రెషర్ కనిపిస్తే వెంటనే లీక్ అనుకోనక్కర్లేదు. వేడి గ్యాస్ పారితే లోపలి ద్రవం వ్యాకోచించి ముల్లు లేస్తుంది. అరంగుళం నీడిల్ వాల్వ్‌తో మెల్లగా వదిలి, మూసి, 24 గంటలు చూడండి. మళ్లీ పెరిగితే కింద నుంచి గ్యాస్ వస్తోందని అర్థం. అప్పుడు రోజూ వాల్వ్ తిప్పి సున్నా చేయడం పరిష్కారం కాదు. వదిలిన ప్రతిసారీ కొంత ద్రవం కూడా బయటికి పోయి, గ్యాస్‌ను ఆపే బరువు ఇంకా తగ్గుతుంది. ఎంత ప్రెషర్ ఉంది, ఎంతసేపట్లో దిగింది, బయటికి వచ్చింది గ్యాసా ద్రవమా, ఎన్ని గంటల్లో తిరిగి ఎంత పెరిగింది అన్నవి తేదీ వేసి రాసి, ఇంజినీరుకు ఆ కాగితమే ఇవ్వండి.