వైడ్ లెన్స్ కొనేముందు మూలలు చూడండి

లక్నవరంలో వేలాడే వంతెన, చెరువు, వెనక గుట్టలు అన్నీ ఒకే ఫ్రేములో పట్టాలంటే వైడ్ లెన్స్ ఉండాల్సిందే, కానీ కొనేటప్పుడు చాలామంది ఫొటో మధ్యభాగం జూమ్ చేసి చూసి మురిసిపోతారు. మధ్యలో దాదాపు ఏ లెన్సైనా బాగానే ఉంటుంది. దాని అసలు రంగు బయటపడేది మూలల్లోనే.

రంధ్రం బాగా తెరుచుకుని ఎక్కువ వెలుతురు రానిచ్చే ఎఫ్/2.8 లెన్స్ మోజు వదిలేయండి. ల్యాండ్‌స్కేప్ ఎలాగూ రంధ్రం చిన్నది చేసి ఎఫ్/8, ఎఫ్/11 దగ్గరే తీస్తాం, రాత్రి చుక్కలు తీసేవాళ్లయితే వేరే సంగతి. ఎఫ్/4 లెన్స్ సాధారణంగా చవక, గుట్ట ఎక్కేటప్పుడు మెడకు సుఖం.

వీలైతే ఒకరోజు అద్దెకు తెచ్చి పరీక్షించండి. ట్రైపాడ్ మీద పెట్టి, స్టెబిలైజేషన్ (చేతి వణుకును సరిచేసే ఏర్పాటు) ఆపేసి, 2 సెకన్ల టైమర్ పెట్టండి. ఖిలా వరంగల్ లాంటి ఖాళీ జాగాలో దూరంగా ఉన్న కరెంటు స్తంభం మీద ఫోకస్ చేసి, ఫోకస్‌ని మాన్యువల్‌కి మార్చేసి, ఆ స్తంభమే ఒక్కో మూలలో పడేలా రంధ్రం పూర్తిగా తెరిచి నాలుగు ఫొటోలు తీసి, కంప్యూటర్‌లో 100 శాతం పెద్దది చేసి పోల్చండి. నాలుగు మూలలూ కొంచెం మెత్తగా, అంటే స్పష్టత తగ్గి ఉంటే ఆ మోడల్ తీరే అంత, ఎఫ్/8కి వస్తే చాలావరకు సర్దుకుంటుంది. మీరు కొన్న లెన్స్‌లో ఒక్క మూలే మసకగా ఉంటే మాత్రం లోపలి గాజు పక్కకు జరిగినట్టే, మారు మాట లేకుండా వాపసు ఇచ్చేయండి. సెకండ్ హ్యాండ్‌లో ఈ రోగం ఎక్కువ.

బొగత జలపాతం పాలనురగలా రావాలంటే షట్టర్ ఎక్కువసేపు తెరిచి ఉంచేలా వెలుతురు తగ్గించే ఎన్‌డీ ఫిల్టర్ కావాలి. ముందు గాజు ఉబ్బెత్తుగా ఉన్న లెన్స్‌కి మామూలు బిగించే ఫిల్టర్ పట్టదు, ఆ ఖర్చు కూడా లెక్కేసుకోండి.