పక్కకి ఒత్తిగిల్లితే తుంటి నొప్పి: బర్సైటిస్‌ను గుర్తించడం, తగ్గించుకోవడం

సమస్య: రాత్రి ఆ పక్కకి తిరిగితే తుంటి బయటివైపు పోటుతో మెలకువ వస్తుంది. మెట్లెక్కినా, ఒంటికాలి మీద నిలబడి బట్టలు తొడుక్కున్నా అదే నొప్పి.

ముందు చోటు తేల్చుకోండి. తుంటి పక్కన చేతికి తగిలే ఎముక గుబ్బను నొక్కితే నొప్పి పుడుతుందా? అయితే చాలావరకు ఇదే. గజ్జల్లో నొప్పి ఉంటే తుంటి కీలును అనుమానించాలి. తిమ్మిరితో మోకాలు దాటి పాదం దాకా పాకితే నడుము దగ్గరి నరాన్ని.

కారణం: ఎముకకీ, దాని మీద కదిలే కండరాలకీ మధ్య రాపిడి తగ్గించే పల్చటి ద్రవపు సంచి బర్సా. అది వాస్తే బర్సైటిస్. కానీ చాలామందిలో అసలు దెబ్బతిన్నది పిరుదు కండరాన్ని ఎముకకు పట్టి ఉంచే టెండన్. కొందరిలో బర్సా వాపే కనిపించదు. 40 దాటిన ఆడవాళ్లలో ఇది ఎక్కువ. వాపే జబ్బనుకుని ఐసు, మాత్రలతో ఆపేస్తే బలం తగ్గిన కండరం అలాగే ఉండిపోతుంది, నొప్పి తిరిగొస్తుంది.

పరిష్కారం: మొదట ఆ గుబ్బ మీద ఒత్తిడి తీసేయండి. కాలు మీద కాలు వేసుకోవద్దు, ఒకే కాలి మీద బరువు వాల్చి నిలబడొద్దు. నొప్పి లేని పక్కకి పడుకుని మోకాళ్ల మధ్య దిండు పెట్టుకోండి. కాలిని అడ్డంగా లాగి పట్టుకునే స్ట్రెచ్‌లు మానేయండి. సాగదీస్తే హాయిగా అనిపిస్తుంది, నిజమే. కానీ ఆ లాగుడుకే టెండన్ ఎముకకు నొక్కుకుంటుంది.

తర్వాత బలం. వెల్లకిలా పడుకుని, తొడల చుట్టూ బెల్టు కట్టుకుని, మోకాళ్లను మెల్లగా బయటికి నెట్టి కొన్ని సెకన్లు బిగపట్టండి. అలవాటయ్యాక మోకాళ్లు మడిచి నడుము పైకెత్తే బ్రిడ్జి, ఆపై పక్కకి అడుగులు. వ్యాయామంలో కాస్త నొప్పి ఫరవాలేదు. ఆ రాత్రో మర్నాడో నొప్పి పెరిగితే మోతాదు తగ్గించండి. వారాలు కాదు, నెలలు పట్టొచ్చు. స్టెరాయిడ్ ఇంజెక్షన్ త్వరగా ఉపశమనమిస్తుంది, కానీ 2018లో వచ్చిన ఆస్ట్రేలియా పరిశోధనలో 8 వారాలకే వ్యాయామం చేసినవాళ్లు ఎక్కువ మెరుగయ్యారు.

సమస్య: కూర్చుంటే పిరుదు అడుగున నొప్పి, లేస్తే తగ్గుతుంది.

కారణం, పరిష్కారం: గట్టి చోట గంటలకొద్దీ కూర్చుంటే కూర్చునే ఎముక దగ్గరి బర్సా నలుగుతుంది. మెత్తటి దిండు వేసుకోండి, అరగంటకోసారి లేవండి, ముందుకు వంగి తొడ వెనుక కండరాలను లాగకండి.

జ్వరంతో ఆ చోట ఎరుపు, వేడి ఉన్నా, పడ్డాక కాలు మోపలేకపోయినా ఇంట్లో ప్రయత్నాలొద్దు, వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్లండి. కాళ్ల మధ్య మొద్దుబారి మూత్రం మీద అదుపు తప్పితే అది అత్యవసరం, గంటలు కూడా ఆగకూడదు.