తొలి వానకు గింజ పెట్టకండి: పత్తి రైతుకు జాగ్రత్తలు

మొన్న సాయంత్రం గాలిదుమారంతో గంటసేపు వాన కొట్టింది. తెల్లారేసరికి పక్క ఊరి చెల్కల్లో కూలీలు పత్తి గింజలు పెడుతున్నారు. ఇంకా మిరుగు (మృగశిర కార్తె) కూడా రాలేదు. దుక్కి ఎలా దున్నాలో, ఎరువు ఎప్పుడు వేయాలో మీకు చెప్పాల్సిన పనిలేదు. నేను చెప్పేది ఒక్కటే: తొలి వానకు గింజ పెట్టకండి.

2025 గుర్తుంది కదా. మే 24నే రుతుపవనాలు కేరళను తాకాయి. 2009 తర్వాత అంత ముందుగా రావడం అదే మొదటిసారి. మరో రెండు మూడు రోజుల్లో మన దగ్గరికీ వచ్చేశాయి. ఈసారి కాలం మనదేననుకుని చాలామంది విత్తేశారు. ఆ తర్వాత జూన్ సగం దాకా వాన ముఖం చాటేసింది. రుతుపవనాలు వచ్చాయని టీవీలో చెప్పినంత మాత్రాన మీ చేలో పదును వచ్చినట్టు కాదు.

మొలవని సాలులో వేలితో మట్టి తీసి చూడండి. గింజ ఉబ్బి ఉంటుంది. పొట్టు పగిలి, వేరు కొద్దిగా బయటికొచ్చి, గోధుమరంగుకు తిరిగి ఎండిపోయి ఉంటుంది. పైన ఉన్న రెండంగుళాల తడికి అది మేల్కొంది, కింద దానికి నీళ్లు దొరకలేదు. రేపు ఎంత పెద్ద వాన పడ్డా ఆ గింజ ఇక లేవదు.

2025లో బీజీ-2 రకం పత్తి విత్తనాల పాకెట్ ధర 901 రూపాయలు. ఎకరానికి రెండు పాకెట్లనుకున్నా 1,800 పైనే, కూలీ వేరు. రెండోసారి కొనడానికి ఇంట్లో డబ్బు ఉండదు, వడ్డీకి తేవాలి. కౌలు రైతుకు బ్యాంకులో అప్పు పుట్టడమే కష్టం. నేను చూసిన చాలా ఇళ్లలో ఆ ఏడాది అప్పు ఈ రెండోసారి కొన్న పాకెట్‌తోనే మొదలైంది.

మరి ఎంత వాన పడాలి? తేలిక నేలల్లో 50 నుంచి 60 మిల్లీమీటర్లు, నల్లరేగడిలో 60 నుంచి 75 పడ్డాకే విత్తమని వ్యవసాయ శాస్త్రవేత్తలు చెబుతారు. అడుగూ మూతీ ఒకే వెడల్పున్న డబ్బాను చెట్లకు దూరంగా చేలో పెట్టండి. ప్రతి వాన వెలిశాక స్కేలుతో లోతు చూసి రాసుకోండి, నీళ్లు పారబోయండి. మండల కేంద్రంలో కొలిచిన లెక్క మీ చేనుకు పనికిరాదు, వాగు ఇవతల పడ్డ వాన అవతల పడదు. తర్వాత గడ్డపారతో జానెడు లోతు తవ్వి, అడుగు మట్టిని పిడికిట్లో నొక్కండి. ముద్ద కట్టాలి. పొడిపొడిగా రాలితే ఆగండి. పక్క చేనువాళ్లు పెట్టేసినా ఆగండి. కూలీలు మళ్లీ దొరకరని ఎవరన్నా ఆగండి. పత్తి విత్తడానికి జూలై మొదటి పక్షం దాకా టైముంది.

ఆగిన ఆ రోజుల్లో గట్లు చూసుకోండి. ఎకరంలో 10 మిల్లీమీటర్ల వాన అంటే 40 వేల లీటర్ల నీళ్లు. గట్టు తెగి ఉంటే పైమట్టిని కూడా పట్టుకుని వాగులోకి పోతాయి. వాలుకు అడ్డంగా దున్నండి, సాళ్లు కూడా అడ్డంగానే రావాలి. నాలుగు సాళ్లకో ఆరు సాళ్లకో ఒక సాలు కంది వేయండి. దాని వేరు లోతుకు దిగుతుంది కాబట్టి పత్తి దెబ్బతిన్న ఏడాది కూడా కాస్త చేతికొస్తుంది.

బిల్లు లేకుండా విత్తనం కొనకండి. ఖాళీ పాకెట్లు, బిల్లు పంట అమ్మేదాకా దాచండి. గడ్డిమందు కొట్టినా చావని పత్తి అంటూ విడిగా అమ్మే గింజ ముట్టుకోకండి, దానికి అనుమతి లేదు, మొలవకపోతే అడిగే దిక్కూ లేదు. పొడి దుక్కిలో గింజ పెట్టకండి. తొలి వానకు అసలే వద్దు. అప్పు తెచ్చి కొత్త బోరు వేయకండి. తడి చేతులతో స్టార్టర్ ముట్టుకోకండి. పందుల కోసమని చేను చుట్టూ కరెంటు తీగ పెట్టకండి, చీకట్లో నీళ్లు కట్టడానికి వచ్చే మనిషి చనిపోతాడు. ఉరుము వినపడితే చెట్టు కిందికి పోకండి. మందు కొట్టేటప్పుడు గాలికి ఎదురు నడవకండి.

ఇప్పటికే విత్తినవాళ్లు వారం తర్వాత సాళ్లన్నీ తిరిగి చూడండి. సగానికి పైగా లేస్తే చేను చెడగొట్టకండి, మొలవని చోట్ల (పోగుంటల్లో) మళ్లీ గింజ పెడితే చాలు. ఆ గింజలు కూడా డబ్బా కొలత చూశాకే పెట్టండి.