వరి గొలుకలు, మక్క కంకులు, గునుగు పూలు: కోతల కాలంలో ఇంటి అలంకరణ

బతుకమ్మ కోసం తెచ్చిన గునుగు మోపులో నుండి రెండు పిడికిళ్లు పక్కన పెట్టుకున్ననాడే ఈ పని మొదలవుతుంది. ఎంగిలిపూల నాటి నుండి సద్దుల వరకు తొమ్మిది రోజులు పేర్చిన పువ్వంతా నీళ్లలో కలుస్తుంది, మిగిలిన తంగేడు పూటలోనే వాడి రాలిపోతుంది. కొన గులాబీగా, మొదలు వెండి తెలుపుగా ఉండే గునుగు మాత్రం ఎండినా రూపు చెడదు. సీతజడ పువ్వు కూడా అంతే. ఆకులు దూసేసి, పది కాడలకు ఒక కట్ట చొప్పున కట్టి, గాలి ఆడే నీడలో తలకిందులుగా రెండు వారాలు వేలాడదీస్తే కాడ వంగకుండా నిటారుగా ఎండుతుంది. ఎండలో పెడితే రంగు వెలిసిపోతుంది. కట్టల కింద ఒక పాత బట్ట పరచండి, ఎందుకంటే ముదిరిన గునుగు నుండి నల్లని సన్నటి గింజలు రాలుతూనే ఉంటాయి.

తరువాత వరి. వరంగల్ చుట్టుపక్కల ఇప్పుడు చాలా పొలాలు కోతమిషన్లతోనే కోస్తున్నారు, మిషన్ నుండి వచ్చిన గడ్డిలో కాడతో ఉన్న గొలుక, అంటే వరి వెన్ను, దొరకదు. అయితే మిషన్ తిరగడానికి వీలుగా మడి మూలలను ముందే కొడవలితో కోస్తారు కాబట్టి, తెలిసిన రైతును అడిగి ఆ మూలల నుండి మూరెడు కాడతో నాలుగైదు పిడికిళ్లు తెచ్చుకోవచ్చు. గింజలు పూర్తిగా పండక ముందే, అంటే గొలుక పైభాగం పసుపెక్కి అడుగున కొద్దిగా పచ్చదనం ఉన్నప్పుడే కోయాలి. పూర్తిగా పండితే ముట్టుకోగానే గింజ రాలుతుంది.

గడప పైన కట్టే వరి కుచ్చును జడ అల్లినట్టే అల్లుతారు. కాడలకు ఉన్న ఆకు ఒలిచి, ఒక గంట తడి బట్టలో చుట్టి ఉంచితే విరగకుండా వంగుతాయి. మూడు పాయలతో మొదలుపెట్టి, ప్రతి మెలికకూ పక్కల నుండి ఒక్కో గొలుకను కలుపుతూ, గింజలు ఎప్పుడూ ఒకే వైపు వేలాడేలా చూసుకుంటూ పోవాలి. చేతిలో సరిపడా బరువు వచ్చాక కొసలను అరటినారతో బిగించాలి. కొత్తవాళ్లకు మొదటిది వంకరగానే వస్తుంది, దాన్ని పెరట్లో పిచ్చుకలకు కట్టి రెండోది మొదలుపెట్టడమే మంచిది. కాడ ఎండేకొద్దీ సన్నబడి కట్టు వదులవుతుంది కనుక నాలుగో రోజున, మళ్లీ పదో రోజున బిగించాలి. గోడకు తగిలించిన కుచ్చు వారానికే జారి పడిందంటే కారణం సాధారణంగా ఇదే.

మక్క కంకులకు ఇంత శ్రమ లేదు. పైపొట్టును పూర్తిగా పీకేయకుండా వెనక్కి ఒలిచి, పీచు తీసేసి, రెండేసి కంకుల పొట్టును కలిపి ముడివేయండి. విత్తనం కోసం ఊళ్లలో దూలానికి వేలాడదీసే పద్ధతి ఇదే, అలంకరణకూ ఇంతకన్నా మంచి పద్ధతి నాకు కనిపించలేదు. కంకులను గోరుతో నొక్కితే గింజలో నొక్కు పడనంత గట్టిపడే వరకు ఎండలో ఆరబెట్టాలి, తడి ఉంటే లోపలే బూజు పడుతుంది.

పత్తి కట్టెలు చివరి ఏరుడు అయ్యాక దొరుకుతాయి. పగిలిన కాయలు నాలుగైదు ఉన్న కొమ్మలను ఎంచి, పొడవాటి ఇత్తడి చెంబులోనో మట్టి కుండలోనో నిలబెడితే చాలు. ఇత్తడి పనికి పేరున్న పెంబర్తి ఊరి చెంబు ఇంట్లో ఉంటే దానికి పక్కన మరేమీ అక్కరలేదు. పత్తికి పురుగుల మందు ఎక్కువగా కొడతారు కాబట్టి కొమ్మలను ముట్టుకున్నాక చేతులు కడుక్కోండి, పసిపిల్లలకు అందనంత ఎత్తులో పెట్టండి.

గుమ్మడికాయను తొడిమ రెండు మూడు అంగుళాలు ఉండేలా కోసినదే కొనండి, తొడిమ ఊడినచోట నుండే కుళ్లు మొదలవుతుంది. గోరు దిగని గట్టి తోలు ఉన్న కాయ రెండు మూడు నెలలు నిలుస్తుంది. నేల మీద నేరుగా కాక ఎండుగడ్డితో చుట్టిన కుదురు మీద పెట్టి, వారానికోసారి అడుగు తడిమి చూడండి. ఎండు మిరప ఎరుపు కావాలనుకునేవారు నిరుటి కాయే వాడాలి, వరంగల్‌లోని ఎనుమాముల మార్కెట్‌కు కొత్త మిర్చి పెద్ద ఎత్తున రావడానికి ఇంకా సమయం ఉంటుంది.

వీటన్నిటినీ ఒకే గదిలో కుప్పగా పెట్టకూడదు. దర్వాజకు వరి కుచ్చు, వసారాలో మక్క కంకులు, హాలు మూలన వెదురు చేటలో గుమ్మడికాయ, దాని వెనుక గునుగు, అంతే. బంగారు రంగులు, మెరుపు పొడులు పూయడం నాకు నచ్చదు, పూసిన గింజ పిట్టలకు పనికిరాదు కూడా.

దీపావళికీ కార్తీకానికీ గడప దగ్గర దీపాలు వెలుగుతాయి. ఎండుగడ్డి, పత్తి, మక్కపొట్టు నిప్పు రవ్వకే అంటుకుంటాయి కాబట్టి దీపం పెట్టే చోటికీ వీటికీ మధ్య కనీసం రెండు బారల దూరం ఉంచాలి, దీపానికి సరిగ్గా పైన ఏదీ వేలాడకూడదు. ముక్కపురుగు పట్టకుండా వరి, మక్కలను కట్టేముందు మరోసారి ఎండకు వేయాలి. పట్టిందని అనుమానం వస్తే కవరులో చుట్టి మూడు రోజులు ఫ్రీజర్‌లో పెడితే పురుగు చస్తుంది.

సంక్రాంతికి ఇల్లు దులిపేటప్పుడు వీటిని దించవచ్చు. వరి కుచ్చును చెట్టుకు కడితే పిచ్చుకలు ఖాళీ చేస్తాయి, మక్కలను ఒలిచి కోళ్లకు వేయవచ్చు, గుమ్మడి గట్టిగా ఉంటే కూరకు వస్తుంది. గునుగును విదిలించి గింజను పెరట్లో చల్లితే తొలకరికి మొలుస్తుంది. చేను గట్టున మాత్రం చల్లకండి, రైతుకు అది కలుపు మొక్క.